బేకరీ ఆయన కారులో డబ్బా

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేను క్షేమం, నా కుట్టుమిషను క్షేమం, మీ షెడ్డు తాళం కూడా క్షేమం. మీరక్కడ ఆసుపత్రిలో క్షేమమేనా అని మాత్రం అడగను. అడిగితే క్షేమమనే రాస్తారు. ఆ అక్షరాలేమో వణుకుతూ ఒక దాని మీద ఒకటి పడుతుంటాయి. అవి చూశాక నేను రెండు రోజులపాటు చొక్కాలకి చేతులు తిరగేసి కుడతాను.

ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఈ ఉత్తరం మీరే చదువుకోండి. మీకు తోడున్న వదినకిచ్చి చదివించుకోకండి. కళ్ళజోడు దిండు కిందే ఉంటుంది మీకు, వెతకండి. ఆయాసం వస్తే ఆగి ఆగి చదవండి, తొందరేం లేదు. ఏం రాసిందని వదిన అడిగితే బేకరీ ఆయన స్పీకరు డబ్బా గురించి రాసిందని చెప్పండి. అది అబద్ధమేమీ కాదు, సగానికి పైగా దాని గురించే.

మాటలు తగ్గించమని డాక్టరు చెప్పాక మీరు ఉత్తరాలకి దిగారు. పద్నాలుగేళ్ళ కాపురంలో నాకు ఒక్క చీటీ ముక్క రాయని మనిషి, ఈ మూడు నెలల్లో పదకొండు ఉత్తరాలు రాశారు. అన్నీ నా కుట్టు టేపు పెట్టెలో దాచాను. మొన్నటి దాంట్లో తొమ్మిది ప్రశ్నలున్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టాను. ఏడు డబ్బా గురించి, ఒకటి నా నడుం నొప్పి గురించి, ఒకటి మీ గురించి. అడుగున ఒక పని కూడా పురమాయించారు.

నడుం బాగానే ఉంది. మీ గురించి అడిగిన ప్రశ్న చివరికి ఉంచుతాను. "నేను ఒక్కనాడు కూడా మాస్కు తీయలేదు. మరి నాకే ఎందుకొచ్చింది ఇది? నువ్వయినా నమ్ముతున్నావా?" అని రాసి కింద గీత గీశారు. గీత దగ్గర కాగితం చిరిగింది. చూశాను. జవాబు చెప్పకుండా ఈ ఉత్తరం ముగించను, ఒట్టు. ముందు డబ్బా సంగతి కానివ్వండి.

బేకరీ ఆయన రెండు నెలలుగా డిక్కీలో మీరు అంటించిన టేపుని అలాగే ఉంచుకుని తిరిగాడు తెలుసా? రొట్టెల ట్రేలన్నీ కుడివైపే సర్దుకున్నాడట. ఎడమ మూలని ముట్టుకోలేదు. "మాస్టారు ఎక్కడ ఆపారో అక్కడే ఉండాలి చెల్లెమ్మా, ఆయన వచ్చి చూసుకుంటారు కదా" అన్నాడు. ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళి చెక్కపెట్టె చేయించుకోమన్నాను. చతురస్రంగా ఉండే పెట్టె డిక్కీలో సగం తినేస్తుంది, ట్రేలు పట్టవు అన్నాడు. పైగా మీరు ఆయనకి మాటిచ్చారట. ఆ మూలలో చక్రం మీద ఉన్న ఒంపు ఎలా ఉందో అలాగే గాజుపీచుతో, అదే ఫైబర్ గ్లాసుతో, గుల్ల తీసి, దాంట్లో పెద్ద స్పీకరు బిగిస్తాననీ, పాట వినపడకపోయినా మోత వీపుకి తగులుతుందనీ చెప్పారట. ఆయన భార్యకి జ్వరంతో చెవులు పోయి నాలుగేళ్ళయింది. నాకీ సంగతి మీరెప్పుడూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆయన్ని రెండుసార్లు గుమ్మంలోంచే పంపేసేదాన్ని కాదు.

అందుకని నేనే దిగాను. నవ్వకండి, నవ్వితే దగ్గొస్తుంది. మీ స్పీకరు డబ్బాల పనిలో నాది ఎప్పుడూ ఒక్క మెట్టే కదా, రింగు మీద గుడ్డ సాగదీసి బిగించడం. మిగతావన్నీ చూసినవే తప్ప చేసినవి కావు. గుమ్మంలో నిలబడి చూసిన పనికీ చేత్తో పట్టుకున్న పనికీ ఎంత తేడా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

మొదటి ప్రశ్న, టేపు నిలిచిందా అని. నిలిచింది. మీ చేత్తో అంటించిన టేపు, ఎందుకు నిలవదు? రెజిన్ జిగురు అంటుకోకుండా దాని మీద పరిచిన అల్యూమినియం ఫాయిల్ మాత్రం ఒకచోట చిరిగింది. నేను చూసుకోలేదు. గాజుపీచు ముక్కలు పరిచి, రెజిన్ పెట్టి, మీరు చెప్పినట్టే బ్రష్షుతో పూయకుండా పొడుస్తూ, బుడగల్ని తరుముతూ మూడు వరసలు వేశాను. ఆరాక లాగితే రాదే! ఆ చిరుగులోంచి రెజిన్ దిగి కారు రేకుని పట్టుకుంది. ఎదురు షెడ్డు గాలితాతని పిలిచాను. టైర్లకి గాలి కొట్టడం మానేసి వచ్చి, డిక్కీలోకి దూరి, అరగంట గుంజాడు. "ఏంటమ్మాయ్, మీ ఆయన చేస్తే చెప్పిన మాట వినేది, నువ్వు చేస్తే పుట్టిల్లు వదలనంటోంది" అన్నాడు. చివరికి చెక్క సుత్తితో నాలుగు తట్టి, సన్నటి రేకు దూర్చి ఊడదీశాం. లోపల అరచేయంత మేర రంగు పోయింది. బేకరీ ఆయనకి చూపించాను. డబ్బా వెనక దాగిపోతుంది కాబట్టి సరిపోయింది.

రెండో ప్రశ్న, రెజిన్ గట్టిపడటానికి హార్డనర్ ఎన్ని చుక్కలు వేశావని. మీరు రాసింది వచ్చేలోపే మొదలుపెట్టాను, అదే నా తప్పు. ఆ రోజు మబ్బుగా ఉంది. చల్లగా ఉంటే గట్టిపడటం ఆలస్యమవుతుందని మీరు ఎవరితోనో అనడం గుర్తొచ్చి, ఒక మూత ఎక్కువే పోశాను. ఆరు నిమిషాల్లో మగ్గు వేడెక్కి, పొగలు కక్కి, ఠప్పున పగిలింది. గాలితాత నీళ్ళ బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు. రెండోసారి భయపడి మరీ తక్కువ వేశాను. అది మర్నాటికి కూడా జిగురుగానే ఉంది, వేలు పెడితే వేలిముద్ర. మూడోసారికి కుదిరింది. మీకు కుదిరింది ఎన్నోసారికో ఎప్పుడూ చెప్పలేదు. మొదట్నుంచీ వచ్చినట్టే ఉండేవారు నా ముందు.

మూడో ప్రశ్న, మాస్కు పెట్టుకుంటున్నావా అని. పెట్టుకుంటున్నాను. మీదే.

మొదటి వరస వేశాక రెండు రోజులు పని ఆగింది. ఎందుకో తర్వాత రాస్తాను.

నాలుగోది రింగు గురించి. స్పీకరు కూర్చునే చెక్క రింగుని మీ గుర్తుల ప్రకారమే కోయించాను. షెడ్డు గోడ మీద పెన్సిలుతో మీరు గీసిన బొమ్మ ఇంకా ఉంది, పక్కన "27 లీటర్లు" అని అంకె, దాని చుట్టూ సున్నా. ఆ అంకె రాసిన రోజే కదా మీకు దగ్గు ఆగకుండా వచ్చింది. మీరు గోడకి ఆనుకున్న చోట చెయ్యి మరక ఉంది. దాన్ని తుడవలేదు. ఇంట్లో గానీ షెడ్డులో గానీ నేను తుడవకుండా వదిలేసిన మరక అదొక్కటే.

రింగుని నాలుగు పుల్లల మీద నిలబెట్టి, కొంచెం వెనక సీటువైపు వాలేట్టు తిప్పాను. మోత సీటులోకి పోవాలని మీరు రాసిందే. ఆ తర్వాత నా మెట్టు వచ్చింది. సాగే గుడ్డ తీసుకుని రింగు నుంచి గుల్ల అంచు దాకా లాగి లాగి పిన్నులు కొట్టాను. అంత ఒంపులోనూ ఒక్క ముడత లేదు. చూసేవాళ్ళెవరూ లేరు. గాలితాతని పిలిచి చూపిస్తే "గుడ్డే కదా" అన్నాడు. ఆయనకేం తెలుసు? "ముడత పడితే పుట్టీ తినేస్తుంది, నువ్వు బిగిస్తే నాకు సగం పని తప్పుతుంది" అని మీరంటుంటే లోలోపల ఎంత పొంగిపోయేదాన్నో మీకూ తెలియదు. దాని మీద రెజిన్ పెట్టాక గుడ్డ బిగుసుకుని, తడితే గిన్నెలా మోగింది. అప్పుడు మాత్రం మీరు గుర్తొచ్చి ఏడ్చాను. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

అయిదోది, లోపలి కొలత సరిపోయిందా అని. థర్మోకోల్ గింజలు పోసి లీటరు మగ్గుతో కొలిచాను. సగం గింజలు నా జుట్టుకీ చీరకీ అంటుకున్నాయి, వాటిని ఏరి మళ్ళీ లెక్కేసుకున్నాను. ఇరవై ఆరే వచ్చింది. లోపల గట్టిదనం కోసం ఒక వరస ఎక్కువ వేశాను, దాంతో లోపలి చోటు తగ్గింది. ఒక లీటరు తక్కువైతే మోత బిగుసుకుపోతుందని మీరు గొణుక్కోవడం గుర్తుంది. అలాంటప్పుడు డబ్బాలో మెత్తటి పీచు కూరితే లోపల చోటు పెరిగినట్టే పనిచేస్తుందని కూడా మీరే ఎవరికో చెప్పారు. చూశారా, మీరు అందరికీ చెప్పినవన్నీ నేను మిషను దగ్గర కూర్చుని వింటూనే ఉన్నాను. పీచు కోసం మీ దిండు విప్పాను. మూడు నెలలుగా మంచం మీద ఊరికే పడి ఉంది, దాన్ని రోజూ సర్దడం నాకూ కష్టంగానే ఉంది. మీరు వచ్చాక కొత్తది కుడతాను.

ఆరోది, గరుకు కాగితం పని. అబ్బ, ఆ పని గురించి ఏం చెప్పను! చేతులకి తొడుగులు, మోచేతులదాకా పాత చొక్కా, మెడకి గుడ్డ, అన్నీ కట్టుకున్నా ఆ గాజునూగు ఎలా దూరిందో దూరింది. మూడు రోజులు ఒళ్ళంతా చిటచిటలాడింది. మీరు ఇంటికొచ్చి మోచేతులు గోడకి రాసుకుంటుంటే "స్నానం చేయండి ముందు, నన్ను ముట్టుకోకండి" అని కసిరేదాన్ని. ఇన్నేళ్ళూ మీ ఒళ్ళు ఇలాగే ఉండేదా? ఒక్కనాడైనా గట్టిగా చెప్పలేదే.

ఏడోది, గాలి ఎక్కడైనా కారుతోందా అని. లేదు. స్పీకరు బిగించి, మధ్యలో వేలితో నొక్కి వదిలితే నెమ్మదిగా పైకొచ్చింది, మీరు రాసినట్టే. పైన బూడిదరంగు గుడ్డ అంటించాను. డిక్కీలో పెట్టి చూస్తే కారుతోపాటే పుట్టినట్టు కూర్చుంది. ట్రేలు ఆరూ పట్టాయి.

పోయిన ఆదివారం పొద్దున బేకరీ ఆయన భార్యని తీసుకొచ్చాడు. పొడుగ్గా, కొంచెం వంగి నడుస్తుంది. మనం మాట్లాడుతుంటే నోటివైపే చూస్తుంది, అందుకని నేను కూడా పళ్ళు కనపడేట్టు మాట్లాడాను. ఆవిణ్ణి వెనక సీటులో కూర్చోబెట్టాడు.

"పెట్టనా?" అన్నాడు నాతో.

"పెట్టండన్నయ్యా. ముందు సన్నగా."

సన్నగా పెట్టాడు. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. కొంచెం పెంచాడు. ఆవిడ నావైపు చూసి, పాపం, నన్ను నొప్పించకూడదని నవ్వింది. అయిపోయింది, ఒక లీటరు తక్కువైనందుకు అంతా పాడైందనుకున్నాను. ఆయన ఇంకొంచెం తిప్పాడు. షెడ్డు మీద రేకు గలగలమంది. ఎదురుగా గాలితాత పంపు ఆపి నిలబడ్డాడు. ఆవిడ ఒక్కసారి సీటుని రెండు చేతులతో పట్టుకుంది.

"ఆపకు!" అంది గట్టిగా. తన గొంతు తనకి వినపడదు కదా, వీధంతా వినపడింది. తర్వాత రొమ్ము మీద చెయ్యి వేసుకుని, "ఇక్కడ. ఇక్కడ కొడుతోంది. వస్తోంది" అంది.

బేకరీ ఆయన ట్రేలు సర్దుతున్నట్టు అటు తిరిగాడు. ఖాళీ ట్రేలు, వాటిని సర్దడానికి ఏముంది? పాట అయ్యేదాకా అటే ఉండిపోయాడు.

వెళ్ళేముందు ఆవిడ దిగి నా చేతులు పట్టుకుంది. దద్దుర్లు చూసి వేలితో నిమిరింది. "మాస్టారికి చెప్పు. నాలుగేళ్ళ తర్వాత ఊపిరాడినట్టుంది" అంది.

మీకు చెప్పమంది కాబట్టి చెప్పాను. ఆ మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. కారు మలుపు తిరిగాక షెడ్డు తలుపు వేసుకుని చాలాసేపు లోపలే ఉన్నాను. ఆ రోజే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఇవాళ బుధవారం.

ఇక మీ ప్రశ్న.

మాస్కు కొన్న రోజు గుర్తుందా మీకు? ఎనిమిదేళ్ళయింది. కనుబొమ్మల నిండా తెల్లపొడితో ఇంటికొచ్చి దగ్గుతుంటే, ముక్కుకి ఏదో ఒకటి కట్టుకునేదాకా మీతో మాట్లాడనన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు ఆ రబ్బరు మాస్కు తెచ్చారు, రెండు చెంపలకీ రెండు గుండ్రటి ఫిల్టరు డబ్బీలు. అద్దంలో చూసుకుని "పురుగులా ఉన్నానే" అన్నారు. గెలిచానని సంబరపడ్డాను. పెట్టుకోవడం మీ వంతు, శుభ్రంగా ఉంచడం నా వంతు అని ఆ రోజే ఒప్పందం చేసుకున్నాం.

ప్రతి ఆదివారం కడిగాను. రబ్బరు, పట్టీలు, ఆ రెండు డబ్బీలు, అన్నీ. బకెట్టులో సబ్బునీళ్ళు కలిపి డబ్బీల్ని ముంచి, బుడగలు ఆగేదాకా నొక్కిపట్టి, తీసి, దులిపి, మళ్ళీ ముంచేదాన్ని. నల్లటి నీళ్ళు దిగితే ఎంత మురికి పోయిందో అనుకునేదాన్ని. తీగ మీద రెండు క్లిప్పులు పెట్టి ఎండలో ఆరేసేదాన్ని. సోమవారం మీరు పెట్టుకుని, "ఏ వాసనా తెలియట్లేదోయ్" అనేవారు. అందరికీ గొప్పగా చెప్పుకునేవారు, మా ఆవిడ కడిగి పెడుతుంది, ఫిల్టర్లు మార్చే పనే లేదు అని. ఎనిమిదేళ్ళలో రెండంటే రెండుసార్లు మార్చారు. ఈవిడ సబ్బుని కూడా సబ్బుతోనే కడుగుతుందని వదినతో నవ్వారు. సబ్బుబిళ్ళ అని పేరు పెట్టారు. ఇప్పటికీ ప్రతి ఉత్తరమూ "సబ్బుబిళ్ళకి" అనే మొదలుపెడతారు.

మొదటి వరస వేసిన రోజు మీ మాస్కు బిగించుకుని డిక్కీలోకి వంగాను. రెజిన్ వాసన గుప్పున వచ్చింది. అడ్డమే లేనట్టు వచ్చింది. కళ్ళు మండాయి, తల తిరిగింది. నా మొహం చిన్నది కాబట్టి పక్కలనుంచి దూరుతోందనుకుని పట్టీలు ఇంకా లాగాను. చెంపల మీద గాట్లు పడ్డాయి తప్ప వాసన ఆగలేదు. మీకెప్పుడూ రాలేదే అనుకున్నాను. తర్వాత తట్టింది, మీకు పాలు మాడినా తెలియదు కదా. ఆ పనిలో పడ్డ రెండేళ్ళకే మీ ముక్కు పనికిరాకుండా పోయిందని నేనే ఎగతాళి చేసేదాన్ని.

పని ఆపి రంగుల కొట్టుకి వెళ్ళాను, చిన్న మాస్కు ఉందేమో అడుగుదామని. కొట్టాయన మాస్కు చేతిలోకి తీసుకుని, డబ్బీలు విప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"సబ్బు వాసనొస్తోందేంటమ్మా?"

"వారం వారం కడుగుతానండీ" అన్నాను. ఎలా అన్నానో తెలుసా? గొప్పగా అన్నాను.

ఆయన మొహంలో నవ్వు పోయింది. "వీటికి నీళ్ళు తగలకూడదమ్మా. పైన దుమ్ము ఆపే పొర, లోపల వాసన పట్టే బొగ్గు. ఒక్కసారి తడిస్తే రెండూ పోయినట్టే. రబ్బరు కడుక్కోవచ్చు, వీటిని మాత్రం పాడైనప్పుడల్లా పారేసి కొత్తవి వేసుకోవాలి. ఇవి మొహానికి ఉన్నా లేనట్టే." డబ్బీలు బల్ల మీద పెట్టి, "ఎవరైనా వాడుతున్నారా వీటిని?" అన్నాడు.

"లేదండీ, పాతవి. అటక మీదున్నాయి" అన్నాను.

కొత్త డబ్బీలు కొనుక్కుని షెడ్డుకి వచ్చాను. బిగించుకుని రెజిన్ డబ్బా మూత తీసి మొహం దాని మీదికి వంచాను. ఏ వాసనా లేదు. మూత మీద మూత ఉన్నట్టే ఉంది. మళ్ళీ పాతవి బిగించి వంగాను, గుప్పుమంది. మళ్ళీ కొత్తవి. ఇలా ఎన్నిసార్లు చేశానో. నేను ఒక పూట పీల్చి తల తిరిగి పడబోయిన గాలిని మీరు ఎనిమిదేళ్ళు పీల్చారు. అందుకే ఆ రెండు రోజులు పని ఆగింది.

మీరు మాస్కు తీయలేదు. ఒక్కనాడు కూడా తీయలేదు. నమ్ముతున్నానండీ. మీరు చెప్పినందుకు కాదు, నాకు తెలుసు కాబట్టి. సక్రమంగా పెట్టుకున్నారు, పెట్టుకున్నది పనిచేయకుండా నేను చేశాను.

ఇంకొకటి ఉంది, అది దీనికన్నా సిగ్గుచేటు. మొదటిరోజు డాక్టరు, "ఈ పనిలో మాస్కు వాడేవారా?" అని అడిగాడు. మీరు తలూపారు. ఆయన నమ్మనట్టు నావైపు చూశాడు. నేనేమన్నాను? "నేను మిషను దగ్గరుంటానండీ. నా కళ్ళుగప్పి తీసేసేవారేమో" అన్నాను. అప్పటికి నాకు ఫిల్టర్ల సంగతి తెలియదు, నిజమే. కానీ మీరు తీసేవారు కాదని మాత్రం తెలుసు. డాక్టరు చూపు నామీద పడేసరికి, భార్య అయ్యుండి ఏం చూసుకుందంటారోనని భయపడి మీమీదికి తోసేశాను. మీరు నావైపు చూశారు, కిటికీవైపు తిరిగారు. ఆయన కాగితం మీద అదే రాసుకున్నాడు. వదిన అదే పట్టుకుని మిమ్మల్ని రోజూ దెప్పుతోంది. మాట్లాడే ఊపిరి లేదు కాబట్టి మీరు పడి ఉంటున్నారు.

కొట్టాయన డాక్టరు కాదు, ఆ ఊపిరితిత్తుల జబ్బు మాస్కు కొనకముందే మొదలై ఉండొచ్చు అని రెండు రోజులు నాకు నేను చెప్పుకున్నాను. అయ్యుండొచ్చు కూడా. అలాగైతే నేను కడిగిన ప్రతి ఆదివారం దాన్ని పెంచి ఉంటాను. ఎటు తిప్పి కుట్టినా చిరుగు నా చేతిలోనే పడుతోంది.

కొట్టాయన చెప్పిందంతా వేరే కాగితం మీద రాసి, పాత డబ్బీలు రెండూ కవరులో పెట్టి దీంతోపాటు పంపుతున్నాను. అవి డాక్టరుకి చూపించండి. మందులో ఏమైనా మార్పు ఉంటుందేమో. ఏమీ లేకపోయినా, మీరు మాస్కు తీసేసేవారని ఆయన తన కాగితం మీద రాసుకున్నది కొట్టేయమనండి. వదినకి నేను నోటితో చెబుతాను, మీరు చెప్పకండి. ఆవిడ నన్ను ఎన్ని అన్నా పడతాను.

శనివారం మొదటి బస్సుకి వస్తున్నాను. వార్డులోకి నేరుగా రాను. బయట వరండాలో, నీళ్ళ కుళాయి పక్క బల్ల మీద కూర్చుంటాను. మీకు నన్ను చూడాలనిపిస్తే నర్సుతో కబురు పెట్టండి. అనిపించకపోతే పెట్టకండి. సాయంత్రం బస్సుదాకా అక్కడే ఉంటాను. మళ్ళీ శనివారం మళ్ళీ వస్తాను. కోపం వచ్చి గట్టిగా అరవాలనిపిస్తే మాత్రం అరవకండి, రాసి పంపండి. ఆ ఊపిరి నామీద ఖర్చుపెట్టకండి.

ఉత్తరం అడుగున మీరు పురమాయించిన పని ఒకటి మిగిలింది. "నా మాస్కు కడిగి ఉంచు, వచ్చాక కావాలి" అని రాశారు.

కడగలేదండీ.

ఇట్లు,
మీ భార్య